ఆవిడ మూడు నిమిషాలు

హెల్ప్‌లైన్‌లో కొత్తగా చేరిన అమ్మాయిలు మొన్న మా ఇంటికొచ్చి, నా పెసరట్లు తిని, వెళ్తూ వెళ్తూ అడిగారు. "ఆంటీ, ట్వెంటీ వన్ ఇయర్స్ చేశారు కదా, మీ బెస్ట్ కేస్ ఒకటి రాసివ్వండి. ట్రైనింగ్‌లో చదువుకుంటాం."

నా బెస్ట్ కేసులన్నీ మీకు ఇప్పటికే చెప్పాను. ఒక్కోటి నాలుగేసి సార్లు చెప్పాను. మొదటిసారి ఒక్క పోలీసు కారున్న కథలోకి నాలుగోసారికి హెలికాప్టర్ కూడా వచ్చింది. మీరు మర్యాదస్తులు కాబట్టి ఊరుకున్నారు. ఇప్పుడు రాసేది మాత్రం ఎవరికీ చెప్పనిది. ఇది నా అసూయ కథ. నేను మనిషిని ఐదడుగులే. ఆ ఏడాది నా అసూయ మాత్రం డెట్రాయిట్‌లో ఏ మేడకీ తీసిపోకుండా పెరిగింది. రాత్రిపూట దానిమీద ఎర్ర దీపం పెట్టకపోతే విమానాలు తగిలేవి.

ముందు మా ఆఫీసు గురించి చెప్పాలి. ఇప్పుడున్న మూడు గదుల ఆఫీసు కాదు. డెట్రాయిట్ పక్కన ఫార్మింగ్టన్ హిల్స్‌లో, వరసగా కొట్లుండే ఒక స్ట్రిప్ మాల్‌లో, డోనట్ల కొట్టుకీ పళ్ళ డాక్టరుకీ మధ్య ఒకే ఒక్క గది. ఒకపక్కన పళ్ళు పాడుచేసేవాడు, ఇంకోపక్కన బాగుచేసేవాడు, మధ్యలో మేము. హీటర్ వేస్తే గూడ్సు బండి వంతెన ఎక్కినట్టుండేది, ఆపేస్తే కాఫీ కప్పులో గడ్డకట్టేది. మొగుడు కొడుతున్నాడనో, పాస్‌పోర్టు దాచేశాడనో, బ్యాంకు కార్డు లాక్కున్నాడనో మనవైపు ఆడవాళ్ళు ఫోన్ చేస్తే మాట్లాడటం, తల దాచుకునే చోటు చూడటం, కోర్టుకి తోడు వెళ్ళడం మా పని. తెలుగు ఫోన్లు నావి. ఆ కుర్చీలో నేను మహారాణిని.

అలాంటి నా రాజ్యంలోకి ఆవిడ వచ్చింది.

ఆవిడ ఒజిబ్వే అనే ఇక్కడి మూలవాసీ తెగ మనిషి. ఉత్తరాన, పెద్ద సరస్సు ఒడ్డున, వాళ్ళ తెగకి మిగిలిన భూమిలో పుట్టి పెరిగింది. నాకంటే రెండేళ్ళు చిన్న, నాకంటే ఒక అడుగు పొడవు. తప్పిపోయిన మూలవాసీ ఆడవాళ్ళ కోసం పోరాడే చిన్న సంఘం వాళ్ళది. వాళ్ళ గదికి అద్దె పెరిగితే మా డైరెక్టర్, పెద్ద మనసున్న పంజాబీ ఆవిడ, మా గదిలో సగం ఇచ్చేసింది. రెండు సంఘాలు, ఒక గది, ఒక ఫోను, ఒక కాఫీ కుండ. ఎవరు ఖాళీగా ఉంటే వాళ్ళు ఫోన్ ఎత్తాలన్నది డైరెక్టర్ పెట్టిన పద్ధతి. నా కొంప ముంచిన పద్ధతి.

మొదటి గొడవ అన్నం దగ్గర వచ్చింది. గొడవ అంటే నా ఒక్కదాని కడుపులో జరిగిన గొడవ. నెలకోసారి అందరం తలో వంటకం తెచ్చుకునేవాళ్ళం. నేను గోదావరి డెల్టాలో పుట్టినదాన్ని. అన్నం విషయంలో ప్రపంచంలో ఎవరికీ లొంగను. పదేళ్ళుగా ఆ బల్లమీద నా పులిహోర తప్ప ఇంకోటి ముందు ఖాళీ అయిన దాఖలా లేదు. ఆవిడ ఒక మట్టి రంగు గిన్నె తెచ్చింది. లోపల నల్లటి, పొడుగాటి గింజలు, ఎండు పళ్ళతో కలిపి ఉన్నాయి.

"ఏమిటిది?" అన్నాను.

"మా బియ్యం. సరస్సులో దానంతట అదే మొలుస్తుంది. పడవలో వెళ్ళి కర్రలతో దులిపి తెచ్చుకుంటాం."

నాటక్కర్లేదట. కలుపు తీయక్కర్లేదట. పడవలో షికారుకెళ్ళినట్టు వెళ్తే బియ్యం ఒళ్ళో పడుతుందట. మా తాతలు మోకాటిలోతు బురదలో నడుములు విరగ్గొట్టుకున్నారు కదా అని నాకు ఏడుపొచ్చింది. పది నిమిషాల్లో ఆవిడ గిన్నె అడుగు కనిపించింది. నా పులిహోర మాత్రం పక్కన కూర్చుని పెళ్ళిచూపుల్లో తప్పిన పిల్లలా చూస్తోంది. డైరెక్టర్ కూడా రెండోసారి ఆవిడదే వడ్డించుకుంది! ఆ రోజు సాయంత్రం ఇంట్లో మూడు రోజులకు సరిపడా పులిహోర ఉంది.

"నీకు కుళ్ళు" అన్నారు మావారు, నాలుగో రోజు పొద్దున కూడా పులిహోరే ప్లేట్లో పడితే. ఆయన కార్ల కంపెనీలో బ్రేకులు డిజైన్ చేస్తారు. నాకు మాత్రం ఒక్క బ్రేకూ పెట్టలేకపోయారు.

రెండో గొడవ ఫోను దగ్గర. నాకొక పద్ధతి ఉంది. తెలుగు గొంతు వినపడగానే, ఎంత ఏడుస్తున్నా సరే, "మీది ఏ ఊరమ్మా?" అని అడుగుతాను. రెండో ప్రశ్న, "ఎవరి తాలూకు?" మూడో ప్రశ్నకి ఆ అమ్మాయి మా పెద్దమ్మ తోటికోడలికి చెల్లెలి వరస అని తేలిపోతుంది. ఆ తర్వాత తనే చెప్పుకుంటుంది, మనిషి నా మనిషి అయిపోతుంది. ఈ ప్రశ్నతో వేల తలుపులు తెరిచాను. వేలు అంటే వందలు. సరే, కొన్ని పదులు.

ఆవిడ పద్ధతి తలకిందులు. ఫోన్ ఎత్తి ఏమీ అడగదు. ముందు తన పేరు చెప్తుంది. తర్వాత తను ఎవరి కూతురో, ఎవరి మనవరాలో, తమది ఏ కులగోత్రమో, ఏ సరస్సు ఒడ్డో చెప్తుంది. తర్వాత "వింటున్నాను" అంటుంది. అంతే, ఇక నోరు మూసుకుంటుంది. మూసుకోవడమంటే మామూలుగా కాదు. మనలో నాలుగు క్షణాలు ఎవరూ మాట్లాడకపోతే ఎవరో పోయారని అర్థం. ఆవిడ నాలుగేసి నిమిషాలు మాట్లాడకుండా కూర్చునేది.

"అవతల మనిషి ఏడుస్తుంటే నీ వంశచరిత్ర చదువుతావేంటి?" అని ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. మేమిద్దరం మాట్లాడుకునేది ఇంగ్లీషే. ఇక్కడ తెలుగులో రాస్తున్నది నేను.

"ఎవరింటికైనా వెళ్తే గుమ్మంలో నిలబడి నేను ఫలానా అని చెప్పవా? ఆ మనిషి కష్టంలోకి వెళ్తున్నాను. చెప్పకుండా ఎలా లోపలికి వెళ్ళను?" అంది.

ఇంత మంచి మాట నాకెందుకు తట్టలేదని ఆ వారమంతా నిద్ర లేదు.

ఇక ఆ ఫోన్ దగ్గరికి వస్తాను. ఫిబ్రవరి. బయట మంచు. ఫోన్ మోగింది, నేనే ఎత్తాను. అవతల చిన్న గొంతు, తెలుగు యాసలో ఇంగ్లీషు. నా ప్రాణం లేచొచ్చింది.

"తెలుగమ్మాయివేనా తల్లీ? నాతో తెలుగులోనే మాట్లాడు. మీది ఏ ఊరమ్మా?"

ఫోన్ కట్టయింది.

గంట తర్వాత మళ్ళీ మోగింది. నేను కాఫీ కుండ దగ్గరున్నాను. ఆవిడ ఎత్తింది. సరస్సు, కూతురు, మనవరాలు, అన్నీ చెప్పింది. వింటున్నానంది. ఆ తర్వాత నలభై నిమిషాలు ఆ గొంతు మాట్లాడుతూనే ఉంది. నేను ఖాళీ కుండలోంచి ఖాళీ కప్పులోకి నలభై నిమిషాలు కాఫీ పోశాను.

ఫోన్ పెట్టాక ఆవిడ నా దగ్గరికొచ్చి మెల్లగా చెప్పింది. "మీ భాష అమ్మాయే. కానీ ఒక మాట అడిగింది. ఈ కేసు ఆ తెలుగు ఆంటీకి ఇవ్వొద్దని."

"ఎందుకట?"

"ఊరు పేరు చెప్తే రెండు ప్రశ్నల్లో ఆమె భర్త ఎవరో నీకు తెలిసిపోతుందట. నీకు తెలిస్తే అందరికీ తెలుస్తుందట."

చూశారా! మనిషిని చూడకుండా, ఒక్క ప్రశ్న విని నా జాతకం చెప్పేసింది. నాకు కోపం రావాల్సింది ఆ అమ్మాయి మీద. వచ్చింది ఆవిడ మీద. నా అమ్మాయిని, నా భాష అమ్మాయిని, నా ఎదురుగానే ఎత్తుకుపోయింది!

ఒకే గది కదా, వద్దన్నా అన్నీ చెవిలో పడతాయి. వద్దనుకునే రకం చెవులు కూడా కావు నావి. ఆ అమ్మాయి వాళ్ళు ఈ మధ్యే ఈ ప్రాంతానికి మారారు. నాలుగేళ్ళ పాప. భర్త పెద్ద ఇంజినీరు. చెయ్యి చేసుకుంటాడు. వీసా ఆయన మీద ఆధారపడినది, పాస్‌పోర్టులు ఆయన ఆఫీసు సొరుగులో ఉన్నాయి. రెండు వారాలు ఇండియా వెళ్ళొద్దాం అన్నాడట. ఈ అమ్మాయి ఆయన లాప్‌టాప్‌లో టికెట్లు చూసింది. వెళ్ళడానికి మూడు, రావడానికి రెండు. ఆయనకీ, పాపకీ. వెళ్తే తనని అక్కడ వదిలేసి పాపతో తిరిగొచ్చేస్తాడు. రానంటే పాపని తీసుకుని వెళ్ళిపోతాడు. ఎటు చూసినా పాప పోతుంది. ప్రయాణం వచ్చే శుక్రవారం. పాపని దేశం దాటించకుండా ఆపాలని జడ్జిని అడగడానికి మా ఉచిత లాయరు కాగితాలు సిద్ధం చేస్తోంది. బుధవారం కోర్టు. అప్పటిదాకా భర్తకి చీమ చిటుక్కుమన్నా తెలియకూడదు.

ఇవన్నీ నాకు తెలుసు. ఒక్క పేరు తప్ప. ఆ గుట్టు కాపాడటం ఎలాగో కొత్తవాళ్ళకి పాఠం చెప్పేదాన్ని కూడా నేనే. ఇప్పుడు ఆ పాఠం చెప్పిన నోరు ఏం చేసిందో వినండి.

మాది తెలుగు చర్చి. వంద కుటుంబాల లోపే ఉంటాం కానీ పాట ఎత్తుకుంటే కెనడాలో వినిపిస్తుంది. మాకొక వాట్సాప్ గ్రూపు ఉంది. ఎవరికి ఏ కష్టమొచ్చినా అందులో ప్రార్థన మనవి పెడతాం. ఇంటర్వ్యూకి, పిత్తాశయంలో రాయికి, అమ్ముడుపోని ఇంటికి, అన్నిటికీ. ఆ శనివారం పొద్దున్న టీ తాగుతూ ఆలోచించాను. ఆవిడ దగ్గర సరస్సు ఉంటే నా దగ్గర దేవుడు లేడా? ఆవిడ నలభై నిమిషాలు విన్నది. నేను వంద కుటుంబాల చేత మోకాళ్ళ మీద ప్రార్థన చేయిస్తాను. రేపు ఆ అమ్మాయి గెలిస్తే అందులో సగం ఎవరిది? ఇలా లెక్క వేసి, చాలా జాగ్రత్తగా, చాలా తెలివిగా, పేరు లేకుండా రాశాను:

"పేరు చెప్పలేని ఒక సోదరి కొరకు. మన ప్రాంతమునకు ఈ మధ్యనే వచ్చియున్నారు. నాలుగేళ్ళ పాప తల్లి. శుక్రవారము ఇండియా ప్రయాణము ఉన్నది. ఇంజినీరైన భర్త మనస్సు మారులాగున భారముతో ప్రార్థించగలరు."

పెట్టిన నిమిషంలో దండాల బొమ్మలు వరదలా వచ్చాయి. పదకొండో నిమిషంలో ఒక వదినగారు నాకు విడిగా మెసేజ్ పెట్టింది. "ఇల్లు మారిన ఆ ట్రాన్స్‌మిషన్ ఇంజినీరు గారి భార్యేనా వదినా? పాప చాలా ముద్దుగా ఉంటుంది. పాపం." నేను "పేర్లు వద్దు వదినా" అని రాశాను. మనలో ఆ మాటకి అర్థం "అవును" అని మీకు వేరే చెప్పాలా?

సోమవారం పొద్దున ఎనిమిదిన్నరకి ఆఫీసు ఫోన్ మోగింది. ఆవిడ ఎత్తింది. ఈసారి వంశం చెప్పే వ్యవధి కూడా లేదు. రెండు నిమిషాలు విని, "పాపతో అక్కడే ఉండు, కదలకు, వస్తున్నాను" అని పెట్టేసింది. నా వైపు తిరిగింది.

"లైబ్రరీ ఫోన్ నుంచి మాట్లాడింది. నిన్న సాయంత్రం భర్త క్రికెట్ ఆడటానికి వెళ్ళాడట. అక్కడ ఒకతను అతని చెయ్యి పట్టుకుని, 'బ్రదర్, ధైర్యంగా ఉండండి, మా చర్చి అంతా మీ ఇంటి కోసం ప్రార్థిస్తోంది' అన్నాడట. అతను ఇంటికొచ్చి ఆమె ఫోన్ లాక్కున్నాడు. టికెట్లు మార్చేశాడు. శుక్రవారం కాదు, రేపు సాయంత్రమే."

నేను నోరు తెరిచాను. నా జీవితంలో మొదటిసారి అందులోంచి రెండే మాటలు వచ్చాయి.

"అది నేనే."

ఆవిడ కిటికీలోంచి పార్కింగ్ లాట్ వైపు చూసింది. ఆ మౌనం ఎంతసేపో నేను చెప్తే మీరు నమ్మరు. మంచు కరిగి, వసంతం వచ్చి, మళ్ళీ మంచు పడింది.

"నీ చర్చి వాళ్ళు మంచివాళ్ళేనా?" అంది చివరికి.

"చాలా మంచివాళ్ళు. చిక్కంతా అక్కడే."

"ఎందుకు చేశావు?"

"సాయం చేద్దామని" అన్నాను. ఆవిడ చూస్తూనే ఉంది. "నీ మీద కుళ్ళుతో" అన్నాను.

ఆవిడ తల ఊపింది. తిట్టి ఉంటే తేలికపడేదాన్ని. ఆ మాత్రం ఉపకారం కూడా చేయలేదు.

ఇంతలో డైరెక్టర్ లాయరుకి ఫోన్ చేసి వచ్చింది. అర్జీని అత్యవసరంగా ఆ మధ్యాహ్నం రెండింటికే వినడానికి జడ్జి ఒప్పుకున్నాడు. ఆవిడ పక్కనుంటేనే కోర్టులోకి వస్తానని ఆ అమ్మాయి ఫోన్లోనే అన్నదట. అప్పుడు గుర్తొచ్చింది నాకు. ఆవిడ వంటిమీద ఆ రోజు ఎర్ర రిబ్బన్లు కుట్టిన పొడుగు లంగా ఉంది. వాళ్ళు గౌరవమైన పనులకి కట్టుకునేది. ఎందుకంటే ఆ రోజు మధ్యాహ్నం రెండింటికే, అదే భవనంలో పై అంతస్తులో, మన జిల్లా పరిషత్తులాంటి కౌంటీ బోర్డు ముందు మాట్లాడటానికి ఆవిడకి మూడు నిమిషాలు ఉన్నాయి.

ఆ మూడు నిమిషాల కోసం ఏడు నెలలుగా తిరుగుతోంది. ఆవిడ అక్క ఈ కౌంటీలోనే ఒక మోటెల్లో పనిచేసేది. ఒకరోజు పనికి రాలేదు. ఇంటివాళ్ళు ఆరు గంటలు డ్రైవ్ చేసి వచ్చి రిపోర్టు ఇవ్వబోతే, మీ తెగ పోలీసుల దగ్గరికి వెళ్ళండి అన్నారు ఇక్కడివాళ్ళు. తప్పిపోయింది మీ దగ్గరే కదా, ఇది ఇక్కడివాళ్ళ పని అన్నారు అక్కడివాళ్ళు. అలా పదకొండు రోజులు తిరిగాక ఎవరో ఒకరు కాగితం మీద రాసుకున్నారు. ఆ అక్క ఇప్పటికీ దొరకలేదు. ఎవరు తప్పిపోయారని వచ్చినా ఆ రోజే రాసుకోవాలి, ఎవరి హద్దో తర్వాత తేల్చుకోవాలి. ఆవిడ అడిగేది అదొక్కటే.

నిజం చెప్తున్నాను, ఆ మైకు మీద కూడా నాకు కన్నుంది. మన ఆడవాళ్ళ గురించి నేనూ మూడు నిమిషాల ప్రసంగం రాసుకున్నాను. గడియారం పెట్టి చదివితే పంతొమ్మిది నిమిషాలు వచ్చింది. డైరెక్టర్ నన్ను పక్కనపెట్టి ఆవిడ పేరు ఇచ్చింది.

ఆవిడ సంచీలోంచి ఒక కాగితం తీసి నా చేతిలో పెట్టింది. "నేను కోర్టులో ఉంటాను. నా బదులు నువ్వు చదువు."

"నేనా? ఇంత చేశాకా?"

"నీకు ఆ మైకు కావాలని ఈ గది గోడలకి కూడా తెలుసు. డైరెక్టర్ పాపని చూసుకోవాలి. ఇంకెవరున్నారు?" కారు తాళాలు తీసుకుంది. గుమ్మం దగ్గర ఆగింది. "ఒక్క మాట కూడా పెంచకు."

రెండింటికి పైన హాల్లో కూర్చున్నాను. కాఫీ మరకున్న స్వెటరు, తడి బూట్లు. ఎన్నిసార్లు కలగన్నానో ఆ మైకు గురించి. కలలో నా మీద పట్టుచీర ఉండేది, జనం లేచి నిలబడేవాళ్ళు. మైకు పక్కన మూడు దీపాలున్నాయి. ఎర్రది వెలిగితే మాట్లాడటం ఆపాలి. ఛైర్మన్ ఆవిడ పేరు పిలిచాడు. నేను లేచాను.

కాగితం చూశాను. మొదటి వరుస, "నేను ఫలానా ఆమె కూతుర్ని, ఫలానా సరస్సు దాన్ని." ఎలా చదవను? నేను ఆ ఆమె కూతుర్ని కాదు. ఆ సరస్సు నీళ్ళు తాగలేదు. ఆకుపచ్చ దీపం వెలిగిపోతోంది.

"నేను గోదావరి ఒడ్డున ఒక బడిపంతులు గారి కూతుర్ని" అన్నాను. అదే గుమ్మంలో నిలబడి చెప్పడం. "ఈ మూడు నిమిషాలు నావి కావు. ఇవి ఎవరివో ఆవిడ ఇప్పుడు కింది అంతస్తులో ఇంకొకరి బిడ్డ కోసం కూర్చుని ఉంది. నా నోటి దూల వల్ల అక్కడ కూర్చోవాల్సొచ్చింది. ఆవిడ రాసినది చదువుతాను."

చదివాను. ఆరు గంటలు డ్రైవ్ చేశారని రాసి ఉంది. నా నాలుక పది అనడానికి సిద్ధమైపోయింది, ఒక మంచు తుఫాను కూడా పట్టుకుని నిలబడింది. దాన్ని పళ్ళతో కొరికిపెట్టి "ఆరు" అన్నాను. పదకొండు రోజుల్ని పదకొండే అన్నాను. ఇరవై ఒక్క ఏళ్ళలో నేను చేసిన అతి కష్టమైన పని అదే. పెంచకుండా చదువుతుంటే తెలిసింది, దానికి పెంచడానికి చోటే లేదు.

చివరి వరుస దగ్గర ఎర్ర దీపం వెలిగింది. గంట మోగింది. "మేడమ్, మీ టైము అయిపోయింది" అన్నాడు ఛైర్మన్. నా పరిచయం తినేసింది ఆ సమయాన్ని. గంట మోగుతుండగానే చివరి వరుస చదివాను: "ఆ రోజే రాసుకోండి."

ఎవరూ లేచి నిలబడలేదు. చప్పట్లు లేవు. ఒక సభ్యురాలు కళ్ళద్దాలు తీసి, "ఇది రాసిన ఆవిడ వచ్చే నెల స్వయంగా వస్తారా? పేరు నేను రాయిస్తాను" అంది. అంతే. మెట్లు దిగి కిందికొచ్చాను.

కోర్టు గది బయట బెంచీ మీద కూర్చున్నాను. ప్రార్థన చేద్దామనుకుని భయమేసి మానేశాను. ఎక్కడ ఎవరికి తెలిసిపోతుందో!

తలుపు తెరుచుకుంది. ముందు లాయరు, వెనక ఆవిడ, ఆవిడ లంగా రిబ్బన్ల కొసని గుప్పిట్లో పట్టుకుని ఒక సన్నటి అమ్మాయి. ఇన్నాళ్ళుగా నేను చూడకుండానే కుళ్ళుకున్న అమ్మాయి. నన్ను చూసి ఆగింది.

"మీరేనా ఆ ఆంటీ?" తెలుగులో అడిగింది.

"నేనే తల్లీ."

"మీ వల్లే ఆయనకి తెలిసింది."

నా దగ్గర సంజాయిషీలు చాలా ఉన్నాయి. పేరు రాయలేదు కదా, మంచికే కదా, ప్రార్థనే కదా. వరసగా చెయ్యెత్తి నిలబడ్డాయి. అన్నిటినీ కూర్చోబెట్టాను.

"అవును. నా వల్లే. తప్పు చేశాను."

తను రిబ్బన్ వదిలింది. "పాస్‌పోర్టులు మూడూ ఈ సాయంత్రంలోపు కోర్టుకి ఇచ్చేయాలన్నారు జడ్జిగారు. ఆయన మా దగ్గరికి రాకూడదన్నారు. పాప ఎక్కడికీ వెళ్ళదు ఆంటీ." అంటూనే వరండా చివర డైరెక్టర్ ఒళ్ళో డోనట్ తింటున్న పాప వైపు పరుగెత్తింది.

ఆవిడ నా పక్కన కూర్చుంది. రిబ్బన్లు నలిగిపోయాయి.

"పైన ఏమైంది?"

"వచ్చే నెల నిన్నే రమ్మన్నారు. చివర గంట కొట్టేశారు. నా గురించి చెప్పడానికి నలభై క్షణాలు వాడేశాను."

"ఏం చెప్పావు?"

"ఎవరి కూతుర్నో, ఏ ఊరో."

ఆవిడ మొదటిసారి నవ్వింది. నవ్వు కూడా బాగుంటుంది ఆవిడది. ఏం చేస్తాం?

మరుసటి నెల వెళ్ళి ఆవిడే మాట్లాడింది. ఎర్ర దీపం వెలిగింది, గంట మాత్రం ఎవరూ కొట్టలేదు. ఇంకో రెండు సమావేశాల తర్వాత ఆ నిబంధన వచ్చింది. ఎవరు తప్పిపోయారన్నా ఇప్పుడు ఆ రోజే రాసుకుంటారు. మేమందరం కేకు కోయబోతే ఆవిడ వద్దంది. అక్క కుర్చీ ఖాళీగానే ఉంది కదా అంది. ఇందులో నాకు అసూయ పడటానికి ఏమీ దొరకలేదు.

నాకు శిక్ష పడింది. పడాలి కూడా. మూడు నెలలు ఫోన్ ముట్టుకోకూడదంది డైరెక్టర్. కాగితాలు సర్దాను, కాఫీ కాచాను. చర్చిలో నేనే లేచి జరిగింది చెప్పాను, పేర్లు లేకుండా, ఈసారి నిజంగా లేకుండా. వదినగారు రెండు నెలలు నాతో మాట్లాడలేదు. తర్వాత నుంచి మా గ్రూపులో "ఒకరి కొరకు ప్రార్థించండి" అని మాత్రమే రాస్తున్నారు. దేవుడికి అడ్రసు తెలుసు కదా అని పాస్టరుగారు తేల్చారు.

నాలుగో నెల మొదటి రోజు నా కుర్చీలో కూర్చున్నాను. ఫోన్ మోగింది. ఎదురుగా ఆవిడ నల్ల బియ్యం తింటూ నన్నే చూస్తోంది. ఎత్తాను. నా పేరు చెప్పాను. గోదావరి ఒడ్డున బడిపంతులు గారి కూతుర్నని చెప్పాను. వింటున్నానని చెప్పాను. నోరు మూసుకున్నాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు... మనలో ఎవరో పోయేంత సేపు గడిచింది. పదీ దాటింది.

"నేనే ఆంటీ" అంది అవతలి గొంతు. రిబ్బన్ కొస పట్టుకున్న అమ్మాయి. "పాపకి ప్రీస్కూల్‌లో సీటొచ్చింది. మీకూ చెబుదామని చేశాను."

"చాలా సంతోషం తల్లీ" అన్నాను. మళ్ళీ మూసుకున్నాను.

కాసేపాగి, నేను అడగకుండానే, మెల్లగా అంది. "మాది..."

ఊరు పేరు చెప్పింది. ఆ పేరు వినగానే నా ఒళ్ళంతా ప్రశ్నలు పుట్టాయి. ఆ ఊళ్ళో మాకు ఎవరు, వాళ్ళ వీధి ఏది, కాలవకి ఇటా అటా, ఎవరి తాలూకు. నాలుక చివర మా బంధువుల సైన్యం మొత్తం వరుసలో నిలబడింది. ఎదురుగా ఆవిడ చెంచా ఆపి, కనుబొమ్మ ఎత్తి చూస్తోంది.

"మంచి ఊరమ్మా" అన్నాను. అంతే అన్నాను.

ఏ ఊరో మీకు మాత్రం చెప్పను.